కార్ క్లీనింగ్‌కి ఏ ఆల్కహాల్ వాడాలి? మిథనాల్, ఇథనాల్, ఐపీఏ, బ్యూటైల్ గ్లైకాల్, అసలు ఆల్కహాలే లేనివి... ఏది ఎవరికి

కారు లోపలి నుంచి ముందు అద్దం తుడవడం ఎలా ఉంటుందో తెలుసు కదా. దుమ్ము రాకూడదని డోర్లు వేసేస్తాం, డాష్‌బోర్డ్ మీదకి వంగుతాం, ముఖం అద్దానికి జానెడు దూరంలో ఉంటుంది, స్ప్రే కొడతాం, రుద్దుతాం, మళ్లీ కొడతాం. నేనూ ఏళ్ల తరబడి ఇలాగే చేశాను. ఒకరోజు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదే అందరం ఐపీఏ అనేది, నీళ్లు కలపకుండానే స్ప్రే సీసాలో పోసి మొదలుపెట్టాను. వెనక అద్దం దాకా వచ్చేసరికి కళ్లు మంట, తల దిమ్ము, బయటికి దిగితే కాళ్లు తేలిపోతున్నట్టుంది. బయట గాలికి పావుగంటలో సర్దుకుంది గానీ ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేసి చూశాను.

మామూలు కారు క్యాబిన్‌లో సుమారు 3 ఘనపు మీటర్ల గాలి, అంటే 3,000 లీటర్లు పడుతుందనుకుందాం. 10 మి.లీ. ఐపీఏ, అంటే రెండు టీస్పూన్లు, మొత్తం ఆవిరైతే 3 లీటర్ల పైచిలుకు ఆవిరి అవుతుంది. ఆ 3,000 లీటర్లలో అది కలిస్తే 1,060 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 1,060 పాళ్ల దాకా వస్తుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా పని ప్రదేశాలకి పెట్టిన ఐపీఏ పరిమితి 8 గంటల సగటున 400 పీపీఎం. రెండు టీస్పూన్లకే పరిమితికి రెండున్నర రెట్లు దాటిపోయాం, నేను ఆరోజు వాడింది అంతకంటే చాలా ఎక్కువ. ఆ పరిమితి 8 గంటల సగటు కాబట్టి పది నిమిషాలకి దాన్నే పెట్టి కొలవడం పూర్తిగా కరెక్ట్ కాదు, అయినా తల ఎందుకు తిరిగిందో మాత్రం అర్థమైంది.

అప్పట్నుంచి ఏ సీసా చేతికొచ్చినా మూడు చూస్తున్నాను: లోపలున్నది ఏ ఆల్కహాల్, ఎంత శాతం, నేను వాడే చోట గాలి ఎంత. "ఆల్కహాల్ ఉంది, లేదు" అనే మాట ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, ఎందుకంటే కంటిచూపు పోగొట్టేదీ ఆల్కహాలే, చేతులకి రాసుకునే శానిటైజర్‌లో ఉండేదీ ఆల్కహాలే.

ముందు దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది ఊపిరి. పైన చెప్పిన లెక్కే. బయట బానెట్ మీద తుడిచేటప్పుడు గాలికి కొట్టుకుపోయేది క్యాబిన్‌లో నిలిచిపోతుంది. పైగా ఈ ఆవిర్లు గాలి కంటే బరువు. ఐపీఏ ఆవిరి గాలికి రెండు రెట్లు, ఇథనాల్‌ది ఒకటిన్నర రెట్లు, అందుకే కాళ్లు పెట్టుకునే చోట, సీట్ల కింద పేరుకుంటాయి. కార్పెట్ తుడవడానికి తల కిందకి పెట్టామా, సరిగ్గా ఆ పొరలోనే ఊపిరి పీలుస్తున్నట్టు.

రెండోది చర్మం. కొన్ని సాల్వెంట్లు, అంటే జిడ్డుని కరిగించే ద్రవాలు, చర్మాన్ని ఎండబెట్టి పగలగొడతాయి, అంతే. కొన్ని చర్మం గుండా నేరుగా రక్తంలోకి పోతాయి. ఈ తేడా చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో వాసన కంటే ఇదే ముఖ్యం.

మూడోది నిప్పు. దీనికి చూడాల్సింది ఫ్లాష్ పాయింట్, అంటే ద్రవం మీద నిప్పంటుకునేంత ఆవిరి పుట్టే కనీస ఉష్ణోగ్రత. నీళ్లు కలిపే కొద్దీ ఇది పెరుగుతుంది. ఇథనాల్‌నే తీసుకుంటే స్వచ్ఛమైనదానికి 13 డిగ్రీల సెల్సియస్, 70 శాతానికి సుమారు 17, 40 శాతానికి 26, 20 శాతానికి 36, 10 శాతానికి 49. నీళ్లు కలిపాం కదా భయం లేదనుకునే ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎండలో నిలబెట్టిన కారు లోపల 50 డిగ్రీలు సులువుగా దాటుతుంది, డాష్‌బోర్డ్ అయితే ఇంకా పైకి పోతుంది. చల్లని గ్యారేజీలో అంటుకోని 10 శాతం ఇథనాల్ కలిపిన నీళ్లు కూడా ఆ వేడి డాష్‌బోర్డ్ మీద మండే ఆవిరి ఇవ్వగలవు.

నాలుగోది, పొరపాటున ఎవరైనా తాగితే ఏమవుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఇది చూడండి.

ఐదోది, అసలు ఆ పనికి ఆల్కహాల్ కావాలా. సగం పనులకి అక్కర్లేదు, వాటి సంగతి కింద వస్తుంది.

నాలుగు సాల్వెంట్లు పక్కపక్కన

| | మిథనాల్ | ఇథనాల్ | ఐపీఏ | బ్యూటైల్ గ్లైకాల్ |
|---|---|---|---|---|
| సీఏఎస్ నంబర్ | 67-56-1 | 64-17-5 | 67-63-0 | 111-76-2 |
| ఫ్లాష్ పాయింట్ (నీళ్లు కలపనిది) | 11 డిగ్రీలు | 13 డిగ్రీలు | 12 డిగ్రీలు | సుమారు 65 డిగ్రీలు |
| మరిగే ఉష్ణోగ్రత | 65 డిగ్రీలు | 78 డిగ్రీలు | 82 డిగ్రీలు | 171 డిగ్రీలు |
| ఓషా 8 గంటల పరిమితి | 200 పీపీఎం | 1,000 పీపీఎం | 400 పీపీఎం | 50 పీపీఎం |
| చర్మం గుండా లోపలికి | పోతుంది | చాలా తక్కువ | తక్కువ | బాగా పోతుంది |
| తాగితే | చూపు, ప్రాణం రెండూ పోవచ్చు | మత్తు, కలిపిన విషాన్ని బట్టి ప్రమాదం | గట్టి మత్తు, వాంతులు, స్పృహ తప్పడం | రక్తం ఆమ్లమవడం, స్పృహ తప్పడం |

సీఏఎస్ నంబర్ అంటే ఒక్కో రసాయనానికి ఉండే గుర్తింపు నంబర్. అదెందుకు పెట్టానంటే ఒక్కోదానికి పది పేర్లు. ఐపీఏనే ఒక సీసా మీద ఐసోప్రొపనాల్, ఇంకోదాని మీద 2-ప్రొపనాల్, మరోదాని మీద ప్రొపాన్-2-ఓల్. మిథనాల్‌ని మిథైల్ ఆల్కహాల్ అంటారు, వుడ్ ఆల్కహాల్ అంటారు. బ్యూటైల్ గ్లైకాల్‌ని అయితే 2-బ్యూటాక్సీఇథనాల్, బ్యూటైల్ సెలోసాల్వ్, ఇథిలీన్ గ్లైకాల్ మోనోబ్యూటైల్ ఈథర్, ఏ పేరుతోనైనా రాస్తారు. నంబర్ మాత్రం మారదు. కంపెనీ సేఫ్టీ డేటా షీట్ తెరిస్తే 16 సెక్షన్లుంటాయి, అందులో 3వ దాంట్లో ఈ నంబర్లు, శాతాలు ఉంటాయి, 8వ దాంట్లో గ్లౌజులు, గాలి సంగతి, 9వ దాంట్లో ఫ్లాష్ పాయింట్. ఈ మూడు సెక్షన్లు చదవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇంకో మాట, లెదర్ కండిషనర్ మీద సీటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ అని కనిపిస్తే కంగారు పడొద్దు. అవి మైనం లాంటి కొవ్వు పదార్థాలు, ఫేస్ క్రీముల్లో కూడా వేస్తారు, ఈ సాల్వెంట్లతో పోలికే లేదు.

మిథనాల్: నా సలహా ఒక్కటే, వద్దు

ఇది ఎక్కువగా కనిపించేది వైపర్ వాషర్ లిక్విడ్‌లో. చలికి నీళ్లు గడ్డకట్టకుండా ఆపుతుంది, చవక, తొందరగా ఆరిపోతుంది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. గొడవంతా ఒంట్లోకి వెళ్లాక. లివర్ దాన్ని ముందు ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఫార్మిక్ ఆమ్లం కణాలకి ఆక్సిజన్ వాడుకునే శక్తి లేకుండా చేస్తుంది, దెబ్బ ముందు తగిలేది కంటి నరానికి. 10 మి.లీ. స్వచ్ఛమైన మిథనాల్‌కే శాశ్వతంగా చూపు పోవచ్చు, 30 మి.లీ.కి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. 30 మి.లీ. అంటే ఒక దగ్గు మందు సీసా మూతలు రెండు మూడు, అంతే.

ఇంకా దారుణం ఏంటంటే తాగిన వెంటనే పెద్దగా ఏమీ తెలియదు. కొంచెం మత్తు, కొంచెం కడుపు నొప్పి. 12 నుంచి 24 గంటలు గడిచాక చూపు మసకబారడం, మంచు కురుస్తున్నట్టు తెల్లగా కనిపించడం మొదలవుతుంది, అప్పటికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది.

వాసన కూడా నమ్మదగ్గది కాదు. ఇథనాల్ వాసనకి దగ్గరగా ఉంటుంది, మనకి వాసన గట్టిగా తగిలేసరికి పరిమితి దాటిపోయి ఉండొచ్చు. పైన వేసిన లెక్కే దీనికీ వేస్తే 10 మి.లీ. క్యాబిన్‌లో ఆవిరైతే 2,000 పీపీఎం, పరిమితి 200, అంటే పది రెట్లు. పలచటి నైట్రైల్ గ్లౌజుల గుండా నిమిషాల్లో దాటేస్తుంది, బ్యూటైల్ రబ్బర్ గ్లౌజులు కావాలి. సాల్వెంట్ ఆవిర్లని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్కులు కూడా దీన్ని సరిగ్గా పట్టి ఉంచలేవు. అంటుకుంటే పగటి వెలుతురులో మంట కనిపించదు, చెయ్యి పెట్టాక తెలుస్తుంది.

యూరోపియన్ యూనియన్ ఈ కారణాలతోనే మామూలు జనానికి అమ్మే వాషర్ లిక్విడ్లలో, అద్దం మీది మంచు కరిగించే డీ-ఐసర్లలో మిథనాల్ బరువులో 0.6 శాతం గానీ అంతకు మించి గానీ ఉండకూడదని రూల్ పెట్టింది, 2019 మే 9 తర్వాత నుంచి అమల్లో ఉంది. అన్ని చోట్లా అలాంటి రూల్ లేదు, కాబట్టి సీసా వెనక చదవడం మన పనే. పుర్రె బొమ్మ, లేదా హెచ్301, హెచ్311, హెచ్331, హెచ్370 అనే ప్రమాద హెచ్చరిక కోడ్లు కనిపిస్తే తిరిగి షెల్ఫ్‌లో పెట్టేయండి. ఇథనాల్ వాషర్ లిక్విడ్ చలికి అదే పని చేస్తుంది.

ఇథనాల్: ఊపిరికి తేలిక, కానీ అందులో ఏం కలిపారన్నదే ప్రశ్న

వీటన్నిటిలో పీల్చడానికి తక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. పరిమితి 1,000 పీపీఎం, చర్మం గుండా పోయేది లెక్కలోకి రానంత. అయితే క్లీనింగ్‌కి అమ్మే ఇథనాల్ దాదాపు ఎప్పుడూ డీనేచర్డే, అంటే జనం తాగకుండా ఏదో ఒకటి కలిపినది. ఆ ఏదో ఒకటి ఏంటన్నదాని మీదే అంతా ఉంది. కొందరు డెనటోనియం అనే భరించలేనంత చేదు పదార్థం కలుపుతారు, అది చిటికెడంటే చిటికెడు చాలు, మన పనికి ఇబ్బంది లేదు. కొందరు మిథైల్ ఇథైల్ కీటోన్ కలుపుతారు, అది కళ్లని మండిస్తుంది, కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది. మెథిలేటెడ్ స్పిరిట్ అన్న పేరు వచ్చిందే మిథనాల్ కలపడం వల్ల. అంటే ఇథనాల్ కొంటున్నామనుకుని మిథనాల్ ఇంటికి తెచ్చుకునే అవకాశం ఉంది. డేటా షీట్‌లో 67-56-1 ఉందా లేదా చూశాకే కొనండి.

2020లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని హ్యాండ్ శానిటైజర్లలో ఇథనాల్ బదులు మిథనాల్ దొరికిందని హెచ్చరించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మిగిలిపోయిన శానిటైజర్‌తో స్టీరింగ్, స్క్రీన్ తుడిచేసే అలవాటున్నవాళ్లకి చెప్తున్నాను, పేరూ ఊరూ లేని సీసాలయితే దానికి కూడా వాడకండి. పైగా జెల్‌లో ఉండే జిగురు స్టీరింగ్ మీద పొరలా మిగులుతుంది, శుభ్రం చేసినట్టే ఉండదు.

నిప్పు విషయంలో ఇథనాల్‌కీ ఐపీఏకీ పెద్ద తేడా లేదు.

ఐపీఏ: ఎక్కువమంది చివరికి చేరేది ఇక్కడికే, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను

పాలిష్ చేశాక మిగిలే నూనె తీసెయ్యడానికి, సిరామిక్ కోటింగ్‌కి ముందు ప్యానెల్ తుడవడానికి, స్టిక్కర్ జిగురు మరకకి, అద్దం మీద జిడ్డుకి, దేనికైనా మొదట చెప్పే పేరు ఇదే. కారణం ఉంది. తొందరగా ఆరుతుంది, మరక మిగల్చదు, మిథనాల్‌లా విషంగా మారదు. ఒంట్లోకి పోతే అసిటోన్‌గా మారి ఊపిరిలో, మూత్రంలో బయటికి పోతుంది. అలాగని తేలికైనది కాదు, మత్తెక్కించే గుణం ఇథనాల్‌కి దాదాపు రెండింతలు. నాకు ఆరోజు తల తిరిగింది దీనివల్లే. డేటా షీట్‌లో ఉండే హెచ్336 కోడ్ అర్థం అదే, మగత, తల తిరగడం. హెచ్225 అంటే బాగా మండే ద్రవం, హెచ్319 అంటే కళ్లకి తీవ్రమైన మంట.

ఐపీఏతో క్యాన్సర్ వస్తుందని అప్పుడప్పుడు ప్రచారం జరుగుతుంటుంది. అది సగం చదవడం వల్ల వచ్చింది. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ గ్రూప్ 1లో పెట్టింది బలమైన ఆమ్లంతో ఐపీఏ తయారుచేసే పాత పద్ధతిని, అంటే ఆ ఫ్యాక్టరీ పనిని. ఐపీఏని మాత్రం గ్రూప్ 3లో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందో లేదో వర్గీకరించడానికి ఆధారాలు చాలవు అని.

అసలు తప్పు జరిగేది శాతం దగ్గర. 99 శాతం అంటే బాగా పనిచేస్తుందనుకుని నేరుగా పోస్తాం. పెయింట్ మీద పాలిష్ నూనెకి 10 నుంచి 25 శాతం చాలు. గట్టి ఐపీఏ తాజా క్లియర్ కోట్‌ని, అంటే పెయింట్ మీది పారదర్శకమైన పై పొరని, ఉబ్బించి మెత్తబరుస్తుంది, అది గీతలు పడడానికి రెడీగా ఉంటుంది, పైగా ఆరే వేగం ఎక్కువై నూనె గుడ్డకి అంటుకునేలోపే ఆరిపోతుంది, మళ్లీ మళ్లీ కొడుతుంటాం, మళ్లీ మళ్లీ పీలుస్తుంటాం. నేను వాడేది 15 శాతం. ఒక లీటర్‌కి 99 శాతం ఐపీఏ 150 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 850 మి.లీ. మీ దగ్గర ఉన్నది 70 శాతం ఐపీఏ అయితే 215 మి.లీ.కి 785 మి.లీ. నీళ్లు. అదే 10 మి.లీ. ఈ మిశ్రమం క్యాబిన్‌లో ఆవిరైతే 160 పీపీఎం, నీళ్లు కలపనిది అయితే 1,060. ఒంటికీ మంచిదే, పెయింట్‌కీ మంచిదే, సీసా ఆరింతలు వస్తుంది.

నిప్పు లెక్క కూడా చెప్పాలి. ఐపీఏ ఆవిరి గాలిలో 2 శాతం చేరితే అంటుకోగలదు. 3,000 లీటర్ల క్యాబిన్ మొత్తం ఆ స్థాయికి రావాలంటే 190 మి.లీ. ఆవిరవ్వాలి. ఒక మామూలు స్ప్రే సీసాలో సగం కంటే తక్కువ. కానీ ఆవిరి అంతటా సమానంగా పరుచుకోదు కదా, కిందే ఉంటుంది, కాబట్టి కార్పెట్ మీద ఒలికిన 30, 40 మి.లీ. కూడా ఆ మూలలో ప్రమాదకరమే. అందుకే సాల్వెంట్ తడి ఉన్న కార్పెట్ మీద మామూలు వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, దాని మోటార్‌లో నిప్పురవ్వలు పుడతాయి, అది నేరుగా ఆవిరినే లాగుతుంది. ప్యానెల్ తుడిచిన వెంటనే హీట్ గన్, కోటింగ్ ఆరబెట్టే ల్యాంప్ పెట్టడం కూడా ఇంతే, ఐదు పది నిమిషాలు ఆగండి, తుడిచిన గుడ్డలు దూరంగా పెట్టండి.

స్ప్రే గాలిలోకి కాకుండా గుడ్డ మీద కొట్టుకుంటే సగం సమస్య తీరిపోతుంది. తుంపర అద్దానికి తగిలి మన ముఖం మీదకే తిరిగొస్తుంది.

ఎక్కడ వాడకూడదో కూడా చెప్తే బాగుంటుంది. స్పీడోమీటర్ మీది ప్లాస్టిక్, యాక్రిలిక్ ట్రిమ్, వీటికి ఆల్కహాల్ తగిలితే సన్నటి వెంట్రుక లాంటి పగుళ్లు రావచ్చు. టచ్ స్క్రీన్ల మీద కోటింగ్ పోతుందని చాలా కార్ల మాన్యువల్స్‌లోనే ఆల్కహాల్ వద్దని రాసుంటుంది. లెదర్ సీట్ల మీద రంగు పొరని ఎండబెట్టి లేపేస్తుంది.

బ్యూటైల్ గ్లైకాల్, దాని చుట్టాలు: వాసన తక్కువ, అందుకే జాగ్రత్త ఎక్కువ

జిడ్డు తీసే డీగ్రీజర్లలో, ఆల్ పర్పస్ క్లీనర్లలో, కొన్ని గ్లాస్ క్లీనర్లలో ఉంటుంది. ఇంజిన్ జిడ్డుని, వీల్స్ మీది మడ్డిని కరిగించడంలో పైవాటి కంటే గట్టిది. ఫ్లాష్ పాయింట్ ఎక్కువ, తొందరగా ఆవిరవ్వదు, వాసన కూడా మరీ ఘాటుగా ఉండదు. అందుకని ఆల్కహాల్ కంటే సేఫ్ అనుకుని ఉత్త చేతులతో స్పాంజి ముంచి రుద్దుతుంటారు. సరిగ్గా ఆ పనే చెయ్యకూడదు. ఇది చర్మం గుండా బాగా లోపలికి పోతుంది. ఓషా పరిమితి 50 పీపీఎం, అమెరికాలోనే పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే సంస్థ నియోష్ అయితే 5 పీపీఎం మించొద్దంటుంది. ఒంట్లో బ్యూటాక్సీఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది, ఎలుకల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోవడానికి కారణం అదే. మనుషుల రక్తకణాలు ఎలుకలవాటి కంటే చాలా తట్టుకుంటాయి, ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే అనవసరంగా భయపెట్టినట్టవుతుంది. కానీ రోజూ మోచేతుల దాకా ముంచి పనిచేసేవాళ్లకి అది ధైర్యం చెప్పే విషయం కాదు.

ఇదే కుటుంబంలో 2-మిథాక్సీఇథనాల్, 2-ఇథాక్సీఇథనాల్ అని రెండున్నాయి. అవి కడుపులో బిడ్డకీ, మగవాళ్ల సంతాన శక్తికీ హాని చేస్తాయని తేలినవి. డేటా షీట్‌లో హెచ్360 కోడ్ కనిపిస్తే ఆ సీసా జోలికి పోవద్దు. దీనికి భిన్నంగా ప్రొపిలీన్ గ్లైకాల్ మిథైల్ ఈథర్, సీఏఎస్ నంబర్ 107-98-2, ఒంట్లో వేరే దారిలో విడిపోతుంది, ఆ రకం హాని తక్కువ. డీగ్రీజర్ తప్పనిసరైతే ఇది ఉన్నది వెతుక్కోవడం మేలు, కాకపోతే ఫ్లాష్ పాయింట్ 30 డిగ్రీల చిల్లర కాబట్టి వేడి ఇంజిన్ మీద మాత్రం కొట్టకండి.

ఆల్కహాలే లేనివి

డాష్‌బోర్డ్, డోర్ ప్యాడ్లు, సీట్ బెల్ట్, స్టీరింగ్, వీటి మీద ఉండేది చెమట, దుమ్ము, చేతి జిడ్డు. న్యూట్రల్ పీహెచ్ షాంపూ నాలుగు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో వేసి మైక్రోఫైబర్ గుడ్డ పిండి తుడిస్తే పోతుంది. ఆరడానికి టైం పడుతుంది, రెండోసారి ఉత్త నీళ్లతో తుడవాలి, అంతే నష్టం. అద్దానికి కూడా డిస్టిల్డ్ వాటర్, రెండు గుడ్డలు, ఒకటి తడిది ఒకటి పొడిది, పదిలో ఎనిమిది సార్లు సరిపోతుంది.

వైపర్ వాషర్ ట్యాంకులో మాత్రం ఉత్త నీళ్లు పోయకండి. నిలవున్న గోరువెచ్చని నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, స్ప్రే తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్క్రీన్‌వాష్, అంటే వాషర్ లిక్విడ్, కలపని నీళ్లకీ డ్రైవర్లలో లెజియోనైర్స్ అనే న్యుమోనియా జబ్బుకీ సంబంధం ఉందని 2010లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించారు. ఇక్కడ కొంచెం ఇథనాల్ గానీ ఐపీఏ గానీ ఉన్న వాషర్ లిక్విడ్ ఆరోగ్యానికే మంచిది. ఆల్కహాల్ లేనిదే ఎప్పుడూ సేఫ్ అనుకునేవాళ్లు ఈ ఒక్కటి గమనించాలి.

పనిని బట్టి నా ఎంపిక

| పని | వాడేది | వద్దనేది |
|---|---|---|
| డాష్‌బోర్డ్, స్టీరింగ్, సీట్లు | షాంపూ నీళ్లు | ఏ ఆల్కహాలైనా |
| లోపలి అద్దం | నీళ్లు, జిడ్డు పోకపోతే 10-15 శాతం ఐపీఏ గుడ్డ మీద | గట్టి ఐపీఏ స్ప్రే |
| కోటింగ్‌కి ముందు పెయింట్ | 15-25 శాతం ఐపీఏ | 99 శాతం, కొత్త పెయింట్ మీద ఏ శాతమైనా |
| స్టిక్కర్ జిగురు | 70 శాతం ఐపీఏ, ఆ చోటు వరకే | మెథిలేటెడ్ స్పిరిట్ |
| వాషర్ ట్యాంక్ | ఇథనాల్ లేదా ఐపీఏ లిక్విడ్ | మిథనాల్, ఉత్త నీళ్లు |
| ఇంజిన్, వీల్స్ | నీటి ఆధారిత డీగ్రీజర్, గ్లౌజులతో | ఉత్త చేతులతో బ్యూటైల్ గ్లైకాల్ |

ఎవరికి ఏది

నెలకోసారి సొంత కారు కడుక్కునేవాళ్లకి ఒక షాంపూ, ఒక చిన్న సీసా ఐపీఏ చాలు. డోర్లు నాలుగూ తెరిచి, ఏసీ రీసర్క్యులేషన్ ఆపి, నీడలో చెయ్యండి. దుమ్ము పడితే మళ్లీ తుడుచుకోవచ్చు.

ఇంట్లో పిల్లలుంటే నా దృష్టిలో ఒకటే రూల్, దేన్నీ తాగే నీళ్ల సీసాలోకి మార్చకండి. నీలం రంగు వాషర్ లిక్విడ్ పారదర్శకమైన నీళ్ల సీసాలో ఎలా కనిపిస్తుందో ఒకసారి పిల్లాడి ఎత్తులో కూర్చుని చూడండి, అచ్చం కూల్ డ్రింకే. మీరు కలుపుకున్న మిశ్రమం సీసా మీద కూడా పేరు, శాతం, తేదీ రాసి పెట్టండి.

రోజుకి ఐదారు కార్లు చేసే డీటెయిలర్ల, అంటే కార్ క్లీనింగే వృత్తిగా ఉన్నవాళ్ల పరిస్థితి వేరు, ఆ 8 గంటల సగటు పరిమితి నిజంగా వర్తించేది వాళ్లకే. నాలుగు కార్ల క్యాబిన్లలో గట్టి ఐపీఏ కొట్టుకుంటూ పోతే సాయంత్రం తలనొప్పి అలవాటైపోతుంది, అలసట అనుకుంటారు. ఐపీఏకి నైట్రైల్ గ్లౌజులు పనికొస్తాయి, తడిస్తే మార్చేయండి. ఎన్95 మాస్క్ దుమ్ముని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు, దాన్ని నమ్ముకుని డోర్లు మూయకండి. ఫ్యాన్ పెట్టి ఒక వైపు నుంచి గాలి లోపలికి, రెండో వైపు నుంచి బయటికి పోయేలా చూసుకుంటే ఏ మాస్క్ కంటే నయం. షాప్ ఓనర్లు కుర్రాళ్ల చేతులు ఒక్కసారి చూడండి, వేళ్ల మధ్య తెల్లగా పగిలి ఉంటే గ్లౌజులు కొనాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు లోపలి పనికి ఆల్కహాల్ లేనివే ఎంచుకోండి, సెంటు లేనివైతే ఇంకా మంచిది. మిథనాల్, బ్యూటైల్ గ్లైకాల్ ఉన్న పనులు వేరేవాళ్లకి అప్పజెప్పండి.

దాచడం, ఏదైనా జరిగితే

సీసాలు కారులో వదిలేయకండి. ఎండకి వాటంతట అవే అంటుకుంటాయన్నది నిజం కాదు, ఐపీఏ నిప్పు లేకుండా అంటుకోవాలంటే 399 డిగ్రీలు కావాలి. కానీ వేడికి లోపల ఒత్తిడి పెరిగి మూత దగ్గర కారుతుంది, ఆ ఆవిరి మూసిన కారులో నిండుతుంది, మీరు తలుపు తీసి సిగరెట్ వెలిగిస్తే చాలు. ఏరోసోల్ డబ్బాలైతే 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది. బ్లీచ్‌తో ఏ ఆల్కహాల్నీ కలపకండి, క్లోరోఫాం లాంటి విషాలు పుడతాయి.

కంట్లో పడితే కాంటాక్ట్ లెన్స్ తీసేసి 15 నిమిషాలు నీళ్లతో కడగాలి, రెండు నిమిషాలు కడిగి మంట తగ్గిందని ఆపేయకూడదు. బట్టల మీద ఒలికితే విప్పి చర్మం కడుక్కోవాలి. తల తిరిగితే ముందు కారు దిగండి, మిగిలిన అద్దం తర్వాత చూసుకోవచ్చు.

ఎవరైనా తాగితే వాంతి చేయించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిథనాల్ అని గానీ, ఏంటో తెలియని వాషర్ లిక్విడ్ అని గానీ అనుమానం ఉంటే, మనిషి బాగానే మాట్లాడుతున్నా, బాగానే నడుస్తున్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫోమెపిజోల్ అనే విరుగుడు, లేదా వైద్యులే కొలిచి ఇచ్చే ఇథనాల్, మిథనాల్ ఆమ్లంగా మారకుండా ఆపుతుంది, అవసరమైతే డయాలసిస్‌తో రక్తం శుభ్రం చేస్తారు, ఇదంతా చూపు మసకబారక ముందు మొదలైతేనే ఎక్కువ పనికొస్తుంది. ఇంట్లో మందు తాగించి చూద్దాం అనే ప్రయోగాలు చెయ్యకండి. వెళ్లేటప్పుడు ఆ సీసాని లేబుల్‌తో సహా వెంట తీసుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.